పగలు రాత్రిగా మారే టైమ్‌లాప్స్: ఎక్స్‌పోజర్‌లో ఏ మార్పు ఎవరిది?

కొన్ని సెకన్లకో ఫొటో తీసి, వాటిని వరసగా కలిపి చేసే వీడియోనే టైమ్‌లాప్స్. పగటిపూట మేఘాల టైమ్‌లాప్స్ ఎవరైనా తీసేస్తారు. రాత్రి విజయవాడ బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ మీద కార్ల లైట్ల గీతలూ తీసేస్తారు. ఈ రెండింటి మధ్య ఉన్న గంటన్నర దగ్గరే చాలామంది చేతులెత్తేస్తారు. సీతానగరం ఒడ్డున ట్రైపాడ్ పెట్టి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన సూర్యుడు దిగడం మొదలుకొని, అవతల ఇంద్రకీలాద్రి మీద దీపాలు వెలిగి కృష్ణ నీళ్లలో మెరిసేదాకా ఒకే షాట్‌గా తీశారనుకోండి. ఇంటికొచ్చి ఫ్రేములన్నీ కలిపి ప్లే చేస్తే మూడింట్లో ఏదో ఒకటి ఎదురవుతుంది. వెలుగు ఉన్నట్టుండి ఎగిరి, మెల్లగా పడి, మళ్లీ ఎగురుతుంది. లేదంటే వీడియో అంతా సన్నగా రెపరెపలాడుతుంది. ఈ రెండూ ఎలాగోలా సరిచేశాక అంతా సాఫీగానే వస్తుంది గానీ, రాత్రి మాత్రం రాత్రిలా ఉండదు. మబ్బు పట్టిన మధ్యాహ్నంలా ఉంటుంది.

మూడూ ఒకటే సమస్య అనుకుని, ఏదో ఒక ప్లగిన్ వేస్తే పోతుందని చూడటం దగ్గరే లెక్క తప్పుతుంది. ఒక ఫ్రేముకీ తర్వాతి ఫ్రేముకీ మధ్య వెలుగు మారిందంటే దానికి ముగ్గురు బాధ్యులు ఉండొచ్చు. ఆకాశం మారి ఉండొచ్చు. మనం షట్టరో (వెలుగు లోపలికి వచ్చే సమయం), ఐఎస్ఓనో (సెన్సర్ సున్నితత్వం) మార్చి ఉండొచ్చు. ఎవరూ చెప్పకుండా కెమెరాయే చిన్న తేడా చేసి ఉండొచ్చు. ఆకాశం చేసిన మార్పును కాపాడుకోవాలి, ఎందుకంటే మనం తీసిందే దాని కోసం. మనం చేసిన మార్పు ఎంతో అంకెలతో సహా తెలుసు కాబట్టి దాన్ని లెక్క కట్టి తీసెయ్యాలి. కెమెరా చేసిన తేడాకు లెక్క ఉండదు, దాన్ని చూసి చూసి నునుపు చెయ్యాలి. ఎడిటింగ్‌లో ఏ స్లైడర్ ముట్టుకున్నా, ఇప్పుడు వీటిలో దేన్ని సరిచేస్తున్నానని మనల్ని మనమే అడిగితే సగం టెన్షన్ తగ్గుతుంది.

మన దగ్గర సంధ్య పొట్టిది

ముందు ఆకాశం సంగతి. విజయవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న కొద్దీ సూర్యుడు ఏటవాలుగా కాకుండా నిటారుగా దిగుతాడు, కాబట్టి సంధ్య త్వరగా అయిపోతుంది. అస్తమయం తర్వాత సూర్యుడు దిగంతానికి 6 డిగ్రీల కిందికి చేరడానికి మన దగ్గర సుమారు 22 నిమిషాలు పడుతుంది. లండన్‌లో అదే దూరానికి అరగంట దాటుతుంది, జూన్‌లో అయితే ముప్పావు గంట దాకా సాగుతుంది. యూట్యూబ్‌లో ఈ విద్య నేర్పేవాళ్లలో చాలామంది అలాంటి చల్లటి దేశాలవాళ్లే. వాళ్లు మధ్యలో టీ తాగి వచ్చి సెట్టింగ్ మార్చేంత తీరిక మనకుండదు.

మబ్బుల్లేని రోజు అస్తమయ వేళకు నేల మీద పడే వెలుగు సుమారు 400 లక్స్ (లక్స్ అంటే వెలుగు కొలమానం). సూర్యుడు ఆ 6 డిగ్రీలు దిగేసరికి అది 3.4 లక్స్‌కి వస్తుంది. అంటే వంద రెట్లకు పైగా తగ్గింది. ఒక్కో స్టాప్‌కీ వెలుగు సగం అవుతుందన్న ఫొటోగ్రఫీ లెక్కలో చూస్తే దాదాపు 7 స్టాప్‌లు. 22 నిమిషాల్లో 7 స్టాప్‌లంటే మూడు నిమిషాలకొకటి, నిమిషానికి మూడో వంతు స్టాప్. మీరు 6 సెకన్లకో ఫ్రేము తీస్తుంటే నిమిషానికి 10 ఫ్రేములు. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో ఆ 10 ఫ్రేములు సెకనులో సగం కూడా ఉండవు. అంటే ఈ ఘట్టంలో మీ వీడియోలో ఎక్స్‌పోజర్ సెకనుకు రెండు మూడు సార్లు గెంతుతుంది. చూసేవాడి కంటికి అది తప్పించుకునే అవకాశమే లేదు.

అస్తమయానికి ముందు గంటలో మాత్రం చాలాసేపు వెలుగు కాస్త నెమ్మదిగా తగ్గుతుంది. ఆ నెమ్మదే మోసం చేస్తుంది. చాలాసేపు అప్పుడో మార్పు ఇప్పుడో మార్పుతో గడిపి, ఇంక ఇంతేలే అనుకున్నాక ఒక్కసారిగా పరుగు మొదలవుతుంది. డిసెంబర్ మొదట్లో మన దగ్గర అస్తమయం 5:35 ప్రాంతంలో, జూన్ చివర్లో 6:45 ప్రాంతంలో అవుతుంది. షూటింగ్ అంతకు గంట ముందు మొదలుపెట్టి, గంట తర్వాత ఆపితే 1200 ఫ్రేములు, 48 సెకన్ల వీడియో వస్తుంది. అస్తమయం సరిగ్గా 600వ ఫ్రేము దగ్గర పడుతుంది. ఇక ముందు చెప్పే ఫ్రేము నంబర్లన్నీ ఈ లెక్క ప్రకారమే.

మొత్తం మీద ఎన్ని స్టాప్‌ల ప్రయాణం? అపర్చర్‌ను, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్ 5.6 దగ్గర కదపకుండా ఉంచారనుకోండి. ఎండలో ఐఎస్ఓ 100, షట్టర్ 1/500 దగ్గర మొదలవుతారు. ఊరి దీపాలు పూర్తిగా వెలిగాక ఐఎస్ఓ 400, షట్టర్ 1 సెకను దగ్గర ఆగుతారు. షట్టర్ వల్ల 9, ఐఎస్ఓ వల్ల 2, మొత్తం 11 స్టాప్‌లు. రెండు వేల రెట్ల పైచిలుకు తేడా. ఊళ్లో కాబట్టి ఇంతటితో ఆగింది. ఆకాశం ఎంత నల్లబడినా వీధి దీపాల వెలుగు తగ్గదు, కెమెరా అక్కడ నిలబడుతుంది. దీపాలే లేని నల్లమల లాంటి చోట నక్షత్రాలు కనిపించేదాకా వెళ్లాలంటే ఇంకో ఎనిమిది తొమ్మిది స్టాప్‌లు కావాలి.

మనం ఎక్కిన మెట్లు

ఆకాశం అంగుళం అంగుళంగా చీకటి పడుతుంటే కెమెరా మాత్రం మూడో వంతు స్టాప్ చొప్పున గెంతుతూ దాన్ని వెంబడిస్తుంది. మీరు చేత్తో మార్చినా, అపర్చర్ ప్రయారిటీలో (షట్టర్‌ను కెమెరాయే ఎంచుకునే మోడ్) వదిలేసినా, మొబైల్ యాప్‌తో నడిపించినా చాలావరకు ఇంతే. ఇంద్రకీలాద్రికి మెట్ల దారీ ఉంది, ఘాట్ రోడ్డూ ఉంది. కెమెరా మెట్ల దారిలో ఎక్కింది, ఎడిటింగ్‌లో దాన్ని ఘాట్ రోడ్డుగా మార్చాలి.

ఎలా మార్చాలో ఒక్క మెట్టు దగ్గర నిలబడి చూద్దాం. 700వ ఫ్రేము 1/60 దగ్గర ఉంది. 701వ ఫ్రేము దగ్గర మీరు 1/50కి మార్చారు. మూడో వంతు స్టాప్ వెలుగు పెరిగింది. మళ్లీ 711 దగ్గర 1/40 చేశారు. 701 నుంచి 710 దాకా సెట్టింగ్ ఒకటే, ఆకాశం మాత్రం తగ్గుతూ వచ్చింది. అంటే ఫొటో వెలుగు 701లో పైకి లేచి, 710 వచ్చేసరికి మెల్లగా మూడో వంతు స్టాప్ కిందికి జారి, 711లో మళ్లీ లేచింది. గ్రాఫ్ గీస్తే రంపపు పళ్లు.

సరిచెయ్యడం ఇలా. 701వ ఫ్రేముకు ఎక్స్‌పోజర్ స్లైడర్‌లో మైనస్ 0.33 ఇవ్వండి. దాంతో అది 700తో సమానం అయిపోతుంది. అక్కణ్ణుంచి ఆ మైనస్‌ను కొద్దికొద్దిగా వదిలేస్తూ 710 దగ్గర సున్నాకు తీసుకురండి. ఆకాశం తగ్గించినంత మీరు పెంచారు కాబట్టి ఈ 10 ఫ్రేములూ ఒకే మట్టంలో ఉంటాయి. 711 దగ్గర కెమెరా మళ్లీ గెంతింది, మీరూ మళ్లీ మైనస్ 0.33 నుంచి మొదలుపెడతారు. మొత్తం కాస్త డిమ్‌గా అనిపిస్తే మైనస్ 0.17 నుంచి ప్లస్ 0.17 దాకా నడపండి, సగటు సున్నా అవుతుంది. ఎల్ఆర్‌టైమ్‌లాప్స్‌లోని హోలీ గ్రెయిల్ బటన్ చేసేది సరిగ్గా ఈ పనే. జర్మన్ ఫొటోగ్రాఫర్ గుంథర్ వెగ్నర్ తయారు చేసిన ఆ సాఫ్ట్‌వేర్ ప్రతి రా ఫైల్లో (కెమెరా ఇచ్చే ముడి ఫొటో) రాసి ఉన్న షట్టర్, అపర్చర్, ఐఎస్ఓ అంకెలు చదివి, గెంతు ఎక్కడ ఉందో కనిపెట్టి, పళ్లకు ఎదురు పళ్లు పెడుతుంది. తర్వాత ఆ అంకెలను ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ చదువుకుంటుంది. లోపల జరిగేది తెలిస్తే, అది తప్పు చేసినప్పుడు ఎక్కడ చేసిందో కూడా తెలుస్తుంది.

లైట్‌రూమ్‌లో మ్యాచ్ టోటల్ ఎక్స్‌పోజర్స్ అని ఒక కమాండ్ ఉంది. ఎల్ఆర్‌టైమ్‌లాప్స్ లేనివాళ్లు దాన్ని 1200 ఫ్రేముల మీదా నొక్కేసి బిత్తరపోతుంటారు. అది చేసేది వేరు. కెమెరా ఎక్స్‌పోజర్‌లో ఉన్న తేడాను పూర్తిగా వెనక్కి తిప్పి, అన్ని ఫ్రేములూ ఒకే సెట్టింగ్‌తో తీసినట్టు చేస్తుంది. 1/500 దగ్గర తీసిన ఫ్రేముతో సరిచూస్తే, రాత్రి ఫ్రేముకు మైనస్ 11 కావాలి. స్లైడర్ రెండు వైపులా 5 దాటదు. ఒకవేళ దాటినా మిగిలేది నల్ల తెరే. ఒక గెంతుకు అటూ ఇటూ ఉన్న చిన్న ముక్కను సరిచెయ్యడానికైతే ఆ కమాండ్ బాగానే పనికొస్తుంది, మొత్తం షాట్‌కు కాదు.

ఇంతవరకూ లెక్క శుభ్రంగానే ఉంది. శుభ్రంగా లేనిది ఏమిటంటే, కెమెరా తెర మీద కనిపించే షట్టర్ అంకెలు అసలు అంకెలు కావు. 1/15 అని చూపించేది లోపల 1/16. 1/60 అంటే 1/64, 1/125 అంటే 1/128. 30 సెకన్లని చూపించేది చాలా కెమెరాల్లో 32 సెకన్లు. షట్టర్ వేగాలు ఎప్పుడూ రెట్టింపు చొప్పున నడుస్తాయి, చదవడానికి వీలుగా వాటికి గుండ్రటి అంకెలు తగిలించారు అంతే. 1/8 నుంచి 1/15కి తేడా కాలిక్యులేటర్‌లో వేస్తే 0.9 స్టాప్ వస్తుంది, నిజానికి అది నిండుగా ఒక స్టాప్. ఆ పదో వంతు స్టాప్ అంటే వెలుగులో దాదాపు 7 శాతం. ఫొటోలో ఎవరికీ కనిపించదు. సాదా నీలాకాశం మీద, వీడియోలో, ఒక్క ఫ్రేములో 7 శాతం మారితే మాత్రం టక్కున కనిపిస్తుంది. రంపపు పళ్లన్నీ సరిచేశాక కూడా అక్కడక్కడా సన్నటి గెంతు మిగిలితే కారణం చాలావరకు ఇదే. అంకెలు చూసి చేసిన సవరణ తర్వాత బొమ్మను చూసి చేసే సవరణ కూడా ఎందుకు కావాలో దీన్ని బట్టే అర్థమవుతుంది.

మెట్టు ఎంత ఉండాలన్నది షూటింగ్‌లోనే తేల్చుకోవాలి. చేత్తో మార్చేవాళ్లు బద్ధకించి ఒకేసారి ఒక స్టాప్ మార్చేస్తుంటారు, ఎడిటింగ్‌లో ఎలాగూ మైనస్ 1 ఇస్తాం కదా అని. సగటు వెలుగు సమానం అవుతుంది, నిజమే. దీపాలు అవ్వవు. మార్చక ముందు బ్యారేజీ మీద ఒక దీపం తెల్లగా కాలిపోవడానికి వెంట్రుకవాసి దూరంలో, పసుపు రంగు నిలుపుకుని ఉంది. మార్చాక పూర్తిగా కాలిపోయింది. దానికి మైనస్ 1 ఇస్తే పోయిన పసుపు తిరిగి రాదు, మెరవాల్సిన దీపం వెలిసిపోయిన బూడిద చుక్క అవుతుంది. పోనీ మార్చక ముందటి ఫ్రేములనే పెంచుదామంటే కొండ నీడల్లో గ్రెయిన్ (ఇసుక చల్లినట్టుండే చుక్కలు) లేచి, మార్చిన ఫ్రేము దగ్గర ఉన్నట్టుండి మాయమవుతుంది. వెలుగు గెంతు పోయి గ్రెయిన్ గెంతు వచ్చిందన్నమాట. మూడో వంతు మెట్లయితే ఈ రెండు బాధలూ కంటికి ఆనవు.

ఇంకొకటి, షట్టర్‌నే ముందు పొడిగించి ఐఎస్ఓను చివరికి ఉంచుకోవడం మేలు. కాకపోతే 1/500 దగ్గర పగటి వాహనాలు బొమ్మల్లా గడ్డకట్టి, 1 సెకను దగ్గరికి వచ్చేసరికి గీతలవుతాయి. పగలు లెన్స్ ముందు వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ పెడితే ఈ తేడా కొంత తగ్గుతుంది గానీ, చీకటి పడే హడావుడిలో ఫిల్టర్ విప్పబోయి ఫ్రేమింగ్ కదిలించుకున్నవాళ్లే ఎక్కువ. నన్నడిగితే ఆ తేడాను అలాగే వదిలెయ్యొచ్చు.

కెమెరా చేసే రెపరెప

సెట్టింగులేవీ మార్చకపోయినా పక్క పక్క ఫ్రేములు కొద్దిగా తేడాగా వస్తాయి. దీనికి మొదటి కారణం లెన్స్ లోపలి అపర్చర్ రెక్కలు. చాలా కెమెరాల్లో ఫ్రేమింగ్ అప్పుడు లెన్స్ పూర్తిగా తెరిచి ఉంటుంది, క్లిక్ అన్న క్షణంలో రెక్కలు ఎఫ్ 5.6కో ఎఫ్ 8కో మూసుకుని మళ్లీ తెరుచుకుంటాయి. ప్రతిసారీ వెంట్రుకవాసి తేడా లేకుండా అదే చోట ఆగవు. అందుకే పాతకాలపు రింగు ఉన్న మాన్యువల్ లెన్స్‌లకు టైమ్‌లాప్స్ వాళ్లలో ఇంకా గిరాకీ ఉంది. అవి లేకపోతే లెన్స్‌ను దాని పూర్తి తెరిపి దగ్గరే వాడటం సులువైన దారి. కొందరు అపర్చర్ మూసి ఉండగా లెన్స్‌ను కొద్దిగా తిప్పి కాంటాక్ట్ తెంపేస్తారు. పనిచేస్తుంది, కానీ సగం విప్పిన లెన్స్ కింద కృష్ణా నది ఉందని గుర్తుంచుకోండి.

ఎడిటింగ్‌లో ఈ రెపరెపను (ఫ్లికర్) తుడవడానికి, అంటే డీఫ్లికర్ చెయ్యడానికి, సాఫ్ట్‌వేర్లు చాలానే ఉన్నాయి. ఎల్ఆర్‌టైమ్‌లాప్స్‌లో ఉంది, డావిన్చీ రిజాల్వ్ స్టూడియో వెర్షన్‌లో ఉంది, ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌కు విడిగా దొరుకుతుంది. సూత్రం అన్నిటిదీ ఒకటే. ప్రతి ఫ్రేము సగటు వెలుగు కొలిచి, చుట్టుపక్కల ఫ్రేముల సగటుకు దగ్గరగా లాగుతాయి. ఇందులోనే ప్రమాదమూ ఉంది. అది కొలిచే సగటులో ఏముందో దానికి తెలియదు. దసరా రోజుల్లో తీశారనుకోండి. కొండ మీద అలంకరణ దీపాలు ఒక్కసారిగా వెలిగే క్షణం మీ షాట్‌లో ప్రాణం. డీఫ్లికర్‌కు అది పెద్ద ఫ్లికర్. దాన్ని చదును చెయ్యడానికి దీపాలు వెలిగిన ఫ్రేముల్లో ఆకాశాన్ని నొక్కేస్తుంది, అంతకు ముందు ఫ్రేముల్లో ఆకాశాన్ని లేపుతుంది. దీపాలు వెలగ్గానే ఆకాశం ఉలిక్కిపడినట్టు కనిపిస్తుంది. రంగులు మారే ఎల్ఈడీలు, ఎదురుగా తిరిగిన లారీ హెడ్‌లైట్లు, నదిని దాటే రైలు కిటికీల వెలుగు, వీటన్నిటికీ ఇదే గతి.

విరుగుడు తేలికే. ఫ్రేము మొత్తాన్ని కొలవనివ్వకుండా, దీపాలు లేని ఒక చోట చిన్న పెట్టె గీసి అదొక్కటే కొలవమనాలి. నేనైతే ఆకాశంలో సూర్యుడు దిగిన వైపుకు దూరంగా, కొండకు కాస్త పైన గీస్తాను. నీళ్ల మీద వద్దు, అలలకూ ప్రతిబింబాలకూ అది ఎప్పుడూ స్థిమితంగా ఉండదు. స్మూతింగ్ కూడా తక్కువతో మొదలుపెట్టి, చాలకపోతే రెండోసారి నడపండి. ఒకేసారి గట్టిగా నడిపితే సూర్యుడికి అడ్డంగా మేఘం వచ్చి పోయినప్పుడు నేల మీద పడే నీడ కూడా మాయమవుతుంది. అది ఆకాశం ఇచ్చింది, తుడవాల్సింది కాదు.

రెపరెపకు ఇంకో కారణం ఉంది, దాన్ని చాలామంది అనుమానించరు. లైట్‌రూమ్‌లో హైలైట్స్, షాడోస్, క్లారిటీ, డీహేజ్ స్లైడర్లు ప్రతి ఫొటోనూ చదివి, అందులో ఏముందో దాన్ని బట్టి పనిచేస్తాయి. 2012లో వచ్చిన ప్రాసెస్ వెర్షన్ నుంచి ఇదే పద్ధతి. ఒక్క ఫొటోకు అది వరం. వరస ఫొటోల్లో మాత్రం ఒక ఫ్రేములో తెల్లటి బస్సు కొత్తగా చేరినందుకే, స్లైడర్ అంకె మారకపోయినా దాని ప్రభావం మారిపోతుంది. హైలైట్స్ మైనస్ 100, షాడోస్ ప్లస్ 100 అలవాటున్నవాళ్ల టైమ్‌లాప్స్ ఎంత డీఫ్లికర్ చేసినా వణుకుతూ ఉండటానికి ఇదొక కారణం. వీటిని 30, 40 దాటనివ్వకుండా ఉంచి, మిగిలిన పని టోన్ కర్వ్‌తో (నీడలనూ వెలుగులనూ సరిచేసే గీత) చేసుకోండి. కర్వ్ ఏ ఫొటోకైనా ఒకేలా పనిచేస్తుంది. ఇక ఆటో బటన్ జోలికి అసలు పోవద్దు.

చలికాలం రాత్రుళ్లు నది ఒడ్డున లెన్స్ మీద మంచు పడితే దీపాల చుట్టూ వెలుగు మెల్లగా ఉబ్బుతుంది. చూడ్డానికి ఎక్స్‌పోజర్ పెరిగినట్టే ఉంటుంది, ఏ స్లైడరూ దాన్ని దించలేదు. గుడ్డ ఒకటి దగ్గర పెట్టుకోవడమే.

రాత్రి రాత్రిలా ఉండాలంటే

ఎడిటింగ్ నేర్చుకుంటున్న ఒక తమ్ముడు తన వీడియో చూపిస్తూ, "ఫ్లికర్ మొత్తం పోయింది గానీ రాత్రే రాలేదన్నా" అన్నాడు. అతను చేసినదంతా సరైనదే. మెట్లు సాఫు చేశాడు, రెపరెప తుడిచాడు. మొదటి ఫ్రేము ఎంత వెలుగుగా ఉందో 1200వ ఫ్రేమూ అంతే వెలుగుగా ఉంది. చిక్కల్లా అదే.

కెమెరా మీటర్ ఏ దృశ్యాన్నయినా మధ్యస్థమైన బూడిద వెలుగుకు తెస్తుంది. అపర్చర్ ప్రయారిటీలో తీసినా, హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు ఎలా పరుచుకుందో చూపే గ్రాఫ్) నడిమధ్యలో ఉండేలా చేత్తో మార్చుకుంటూ పోయినా, చీకటి పడుతున్న కొద్దీ ఎక్స్‌పోజర్ పెరుగుతూ ఆకాశాన్ని అదే మట్టంలో నిలబెడుతుంది. షూటింగ్‌లో అలా చెయ్యడం మంచిదే, రా ఫైల్లో నీడలకు గ్రెయిన్ తక్కువ పడుతుంది. అలా పెంచిన వెలుగులో కొంత ఎడిటింగ్‌లో తిరిగి ఇచ్చెయ్యాలి. మెట్లు సాఫు చేసిన గీత మీద, రెండో పొరగా, మన ఇష్టప్రకారం దిగే ఇంకో గీత వెయ్యాలి.

ఎంత దించాలి? పగటితో పోలిస్తే ఒకటిన్నర స్టాప్ దగ్గర నాకు కన్ను నమ్ముతుంది. రెండు దాటితే ఇంద్రకీలాద్రి ఆకారం కూడా చీకట్లో కలిసిపోయి దీపాల చుక్కలే మిగులుతాయి. ఒకటికి తగ్గితే ఆకాశం బూడిద రంగులోనే ఉండిపోతుంది. ఎంత దించామన్న దానికన్నా ఎప్పుడు దించామన్నది ముఖ్యం. మొదటి ఫ్రేము నుంచి చివరి ఫ్రేము దాకా సమానంగా దించితే, ఎండ ఇంకా ఉండగానే వీడియో మసకబారడం మొదలవుతుంది. చూసేవాడికి ఏదో లోపం ఉందనిపిస్తుంది. 600వ ఫ్రేము దాకా సున్నా దగ్గరే ఉంచండి. అస్తమయం తర్వాత 10 నిమిషాలకు, అంటే 700 దగ్గర, మైనస్ 0.3. సంధ్య ముగిసే 820 దగ్గర మైనస్ 1. 1000 దగ్గర మైనస్ 1.5, అక్కణ్ణుంచి కదపొద్దు. మొదటి ఫ్రేముతో కలిపి ఐదు కీఫ్రేములు, అంటే మనం చేత్తో అంకె ఇచ్చే ఫ్రేములు. మధ్యవాటిని సాఫ్ట్‌వేర్ నింపుకుంటుంది. అనుమానం వచ్చిన చోటల్లా ఒక కీఫ్రేము పెట్టుకుంటూ పోతే, ఒక్కో దానికీ మధ్య చిన్న చిన్న ఎత్తుపల్లాలు ఏర్పడి వీడియో ఊపిరి తీసి వదులుతున్నట్టు ఉంటుంది.

అస్తమయం తర్వాత పావుగంట నుంచి 25 నిమిషాల దాకా, ఆకాశపు నీలమూ ఊరి దీపాల వెలుగూ దాదాపు సరిసమానంగా నిలుస్తాయి. మొత్తం 48 సెకన్లలో ఇది 4 సెకన్లే. జనం ఆగి చూసేదీ ఆ 4 సెకన్లే. కాబట్టి ఎడిటింగ్ 1వ ఫ్రేము నుంచి మొదలుపెట్టకుండా, 800వ ఫ్రేమును ముందు మనసుకు నచ్చినట్టు తయారు చేసుకుని, అటూ ఇటూ ఉన్న కీఫ్రేములను దానికి తగ్గట్టు మలుచుకోవడం నా పద్ధతి. ఆ తర్వాత ఆకాశానికి గ్రేడియంట్ మాస్క్ (మెల్లగా కరిగే అంచుతో ఒక భాగాన్నే సవరించే పొర) వేసి దాన్ని ఒక్కదాన్నే ఇంకాస్త దించొచ్చు. ఊరి దీపాలు తమ వెలుగుతో ఉంటాయి, ఆకాశం లోతుగా అవుతుంది. మాస్క్ అంచు కొండ గీత మీద కచ్చితంగా కూర్చోబెట్టాలని చూడకుండా వెడల్పుగా వదిలెయ్యండి.

రంగుల వెచ్చదనాన్ని నిర్ణయించే వైట్ బ్యాలెన్స్ కెమెరాలో ఆటోలో ఉంటే ఈ శ్రమంతా వృథా. ఒక్కో ఫ్రేముకు ఒక్కో రంగు ఎంచుకుంటుంది, పైగా అస్తమయపు ఎరుపును లోపం అనుకుని తగ్గించేస్తుంది. డేలైట్ దగ్గర బిగించి, రా ఫైళ్లు తీసి, మార్పు ఎడిటింగ్‌లో చేసుకోవాలి. పగలు 5500 కెల్విన్, అస్తమయం దాకా అదే, 820 దగ్గర 4800కి, 1000 దగ్గర 3900 ప్రాంతానికి దించితే పసుపు దీపాలు మరీ నారింజ ముద్దలు కాకుండా, ఆకాశంలో నీలం నిలబడుతుంది. తెల్ల ఎల్ఈడీలూ పసుపు దీపాలూ కలిసి ఉన్న రోడ్లలో రెండూ ఒకేసారి సరిగ్గా రావు. మీ ఫ్రేములో ఏవి ఎక్కువుంటే వాటి పక్షం వహించడమే.

ఈ పనులన్నిటికీ వరస ఉంది. మెట్లు, తర్వాత రాత్రి గీత, రంగు, మాస్కులు, అన్నిటికీ చివర డీఫ్లికర్. డీఫ్లికర్ ముందే చేసేసి ఆ తర్వాత షాడోస్ కదిపితే కొత్త రెపరెప పుట్టి మళ్లీ మొదటికొస్తుంది. ఫోన్‌లోని టైమ్‌లాప్స్ మోడ్‌లో తీసినవాళ్లకు వీటిలో చాలావరకు అందుబాటులో ఉండవు, ఎక్స్‌పోజర్ నిర్ణయాలన్నీ ఫోనే తీసేసుకుని చివరికి కుదించిన వీడియో చేతికిస్తుంది. దానికి డీఫ్లికర్ ఒక్కటే చెయ్యగలిగేది.

సరిచూసుకోవడానికి పెద్ద మానిటర్ మీద నిండుగా చూడటం కన్నా, వీడియో ప్లేయర్ కిటికీని అరచేయంత చిన్నది చేసి రెట్టింపు వేగంతో ప్లే చెయ్యడం మంచిది. వివరాలు మాయమై వెలుగు కదలిక ఒక్కటే కంటికి తగులుతుంది. ఎగుమతి చేసేటప్పుడు 8 బిట్ కాకుండా, రంగు ఛాయలు ఎక్కువ పట్టే 10 బిట్‌లో తియ్యండి, లేదంటే సంధ్య ఆకాశం నీలంలో పట్టీలు పడతాయి. అవి చూసి ఫ్లికర్ ఇంకా ఉందనుకుని మళ్లీ డీఫ్లికర్ నడిపి, ఉన్న వివరాలు కూడా పోగొట్టుకునేవాళ్లున్నారు. వాట్సాప్‌లో పంపితే ఈ పట్టీలు ఎలాగూ తిరిగొస్తాయి, కాబట్టి క్లయింట్‌కు చూపించాలంటే డ్రైవ్ లింకు పంపండి.